తెలుగు సంఘాల దాతృత్వంపై పీహెచ్‌డీ: ఏ అవార్డుకు, ఎలా పంపాలి?

ప్రశ్న (సేవారంగం_పరిశోధన)

అమెరికాలోని తెలుగు సంఘాలకు విరాళాలు ఎలా వస్తాయి, అందులో ఎంత భాగం ఆంధ్ర, తెలంగాణ ఊళ్లకు చేరుతుంది అన్నది నా సిద్ధాంత గ్రంథం విషయం. డిఫెన్స్ (గ్రంథంపై మౌఖిక పరీక్ష) పూర్తయింది. ఆధారాలు: సంఘాలు అమెరికా పన్నుల శాఖకు ఏటా వేసే లెక్కల పత్రాలైన ఫారం 990లు, కార్యవర్గాలతో ఇంటర్వ్యూలు. స్వచ్ఛంద రంగ పరిశోధనకు ఇచ్చే అవార్డుల్లో దీనికి ఏది సరిపోతుంది? ఒకే సముదాయం మీద చేసిన పనిని కమిటీలు పట్టించుకుంటాయా?

జవాబు 1 (గోదారిగట్టు)

మీరు చూడాల్సినవి ముఖ్యంగా రెండు. ఒకటి, స్వచ్ఛంద రంగ పరిశోధకుల అమెరికా సంఘం ఆర్నోవా ఇచ్చే గేబ్రియల్ రడ్నీ స్మారక అవార్డు. ఇది సిద్ధాంత గ్రంథాలకే. 1971లో మొదలైన ఈ సంస్థ సదస్సు ఏటా నవంబరు ప్రాంతంలో జరుగుతుంది, అవార్డులూ అక్కడే ఇస్తారు. రెండోది, 1992లో ఏర్పడిన ఐఎస్‌టీఆర్ (ఇదే రంగం పరిశోధకుల అంతర్జాతీయ సంఘం) సిద్ధాంత గ్రంథానికి ఇచ్చే అవార్డు. వాళ్ల అంతర్జాతీయ సదస్సు రెండేళ్లకోసారి కాబట్టి ఒక విడత తప్పిపోతే చాలాకాలం ఆగాలి. డిఫెన్స్ ఏ తేదీల మధ్య జరిగి ఉండాలో ప్రకటనలో ఉంటుంది, ముందు అది చూడండి. గ్రంథం ఎంత బాగున్నా తేదీ దాటితే తీసుకోరు. అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్‌లో ప్రభుత్వ, లాభాపేక్షలేని సంస్థల విభాగం కూడా సిద్ధాంత గ్రంథానికి అవార్డు ఇస్తుంది. మీ వాదన సంస్థల నిర్వహణ వైపు మొగ్గితేనే అక్కడికి పంపండి.

ఆర్నోవాలోనే పుస్తకానికీ, వాళ్ల పత్రిక 'నాన్‌ప్రాఫిట్ అండ్ వాలంటరీ సెక్టార్ క్వార్టర్లీ'లో వచ్చిన ఉత్తమ వ్యాసానికీ వేరే అవార్డులున్నాయి. గ్రంథం నుంచి ఒక అధ్యాయాన్ని ఆ పత్రికకు పంపితే ఆ దారీ తెరుచుకుంటుంది.

ఒకే సముదాయం కావడం అడ్డంకి కాదు. సారాంశం 'తెలుగువాళ్లు ఎంత ఇస్తారు' దగ్గర ఆగిపోతేనే అడ్డంకి. వలస వచ్చినవాళ్ల సంఘంలో పదవికీ విరాళానికీ సంబంధం ఏమిటి, ఊరికిచ్చే డబ్బు ఎవరి నిర్ణయంతో కదులుతుంది అన్నవి తెలుగు తెలియని పరీక్షకుడికీ పనికొచ్చే ప్రశ్నలు. మొదటి పేరాలోనే వాటిని అడగండి. గైడ్ రాసే లేఖ 'కష్టపడి పనిచేసే విద్యార్థి' అన్న పొగడ్తతో నిండితే దండగ. ఇప్పటిదాకా ఎవరూ చూపని ఏ విషయాన్ని ఈ గ్రంథం చూపిందో అందులో రెండు వాక్యాల్లో ఉండాలి. ఆ రెండు వాక్యాలకు కావలసిన సరుకు మీరే ఆయనకు అందించండి.

జవాబు 2 (లెక్కలపద్దు)

990 ఏం చెబుతుందో, ఏం చెప్పదో కమిటీలో కూర్చునేవాళ్లకు బాగా తెలుసు. పంపేముందు ఇవి సరిచూసుకోండి.

వార్షిక రాబడి మామూలుగా 50,000 డాలర్లు దాటని సంఘం ఇ-పోస్ట్‌కార్డు వేస్తే చాలు, అందులో లెక్కలుండవు. రాబడి 2 లక్షల డాలర్లలోపు, ఆస్తులు 5 లక్షల లోపు ఉంటే 990కి బదులు చిన్న ఫారం 990-ఈజెడ్. అంటే ఊరి స్థాయి తెలుగు సంఘాలు చాలావరకు మీ డేటాలోకి రావు. పెద్ద సంఘాల తీరునే 'తెలుగు దాతృత్వం' అనేస్తే మొదటి దెబ్బ అక్కడే పడుతుంది.

దాతల పేర్లు 990కి జతచేసే షెడ్యూల్ బీ అనే అనుబంధంలో ఉన్నా ప్రజలకిచ్చే ప్రతిలో కనపడవు. కాబట్టి విరాళాలు ఎవరి నుంచి వచ్చాయన్న భాగానికి మీ ఇంటర్వ్యూలే ఆధారం, ఆ సంగతి దాచకుండా రాయండి. ఇంకో అనుబంధం షెడ్యూల్ ఎఫ్‌లో విదేశీ ఖర్చు ప్రాంతాలవారీగానే ఉంటుంది. 'దక్షిణాసియా' అని కనిపిస్తుంది తప్ప గుంటూరా, కరీంనగరా అన్నది తెలియదు. స్వచ్ఛంద కార్యకర్తల సంఖ్య, మొదటి భాగం 6వ లైను, సంఘం వేసుకున్న అంచనా మాత్రమే. దాన్ని రిగ్రెషన్‌లో (గణాంక విశ్లేషణలో) చరరాశిగా పెడితే తప్పకుండా ప్రశ్న వస్తుంది.

ఇంకొకటి. పెద్ద తెలుగు సంఘాలైన తానా, ఆటా మహాసభలు రెండేళ్లకోసారి. తానా 2023లో ఫిలడెల్ఫియాలో, ఆటా 2024లో అట్లాంటాలో జరిపాయి. సభల ఏడు రాబడి, ఖర్చు రెండూ ఎగుస్తాయి. ఒకే ఏడాది అంకెలతో రెండు సంఘాలను పోల్చడం సరికాదు, కనీసం రెండేళ్ల సగటు తీయండి.

సేవారంగం_పరిశోధన

ఇద్దరికీ ధన్యవాదాలండీ. రెండేళ్ల సగటు తీశాను, చిన్న సంఘాల విషయం మాత్రం గట్టిగా చెప్పలేదు, మారుస్తాను. ఊళ్లకు చేరిన డబ్బుకు భారత్ వైపు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద సంస్థలు ఏటా వేసే ఎఫ్‌సీ-4 రిటర్నులు వాడాను. అది సరిపోతుందా?

జవాబు 3 (పల్నాటి_పాఠకుడు)

సగమే సరిపోతుందండీ. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే చట్టం దాన్ని విదేశీ విరాళంగా చూడదు, అది ఎఫ్‌సీ-4లోకి రాదు. అదే మనిషి అమెరికా పౌరుడయ్యాక, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే) కార్డు ఉన్నా, పంపిన డబ్బు విదేశీ విరాళమే. అంటే మీ అంకెల్లో కొంత పెరుగుదల ఇచ్చే మనసు పెరిగినందువల్ల కాక, పాస్‌పోర్టు మారినందువల్ల వచ్చి ఉండొచ్చు. ఇంటర్వ్యూల్లో పౌరసత్వం అడిగి ఉంటే దాన్ని వేరే పట్టికగా ఇవ్వండి. నా లెక్కన మీ గ్రంథంలో కమిటీని కట్టిపడేసేది ఆ పట్టికే.

ఎఫ్‌సీఆర్ఏకు 2020లో చేసిన సవరణ తర్వాత విదేశీ విరాళాన్ని ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు మళ్లించడం కుదరదు, పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి దిగింది. హైదరాబాద్ సంస్థ తీసుకుని పల్లెల్లోని చిన్న సంస్థలకు పంచే దారి దాంతో మూసుకుపోయింది. 2020కి ముందూ తర్వాతా లెక్కల్ని ఒకే గీతగా గీస్తే ఆ తేడా కనపడదు, రెండు కాలాలుగా విడదీయండి. 2022 జులైలో భారత హోంశాఖ ఎఫ్‌సీఆర్ఏ సైటు నుంచి కొంత సమాచారం తీసేశారు కాబట్టి ప్రతి రిటర్నూ ఏ తేదీన దింపుకున్నారో అనుబంధంలో రాయండి.

ఆలయాల సంగతీ చూడండి. అమెరికాలో ప్రార్థనా సంస్థలకు 990 వేయాల్సిన అవసరం లేదు. గుడి ద్వారా ఊరికి వెళ్లే డబ్బు మీ లెక్కలో లేదని సారాంశంలోనే ఒక వాక్యం పెట్టండి.