1965 సిట్రోయెన్ డీఎస్ 19 పల్లాస్ అమ్మకానికి ఉంది: ఎర్ర ఆయిల్ తీసేసి ఆకుపచ్చ ఆయిల్‌కి మార్చిన బండి కొనొచ్చా?

లియోన్ వాసి:
అందరికీ నమస్కారం. మాకు తెలిసిన ఒక రిటైరైన పెద్దాయన తన డీఎస్ కారు అమ్మకానికి పెట్టారు. ప్రకటనలో ఉన్నది క్లుప్తంగా: 1965 డీఎస్ 19 పల్లాస్, నలుపు రంగు, ఒక్కో వైపు ఒక్కటే హెడ్‌లైట్ ఉండే పాత ముఖం, సెమీ ఆటోమేటిక్ గేర్లు, అడుగున తుప్పు లేదు, హైడ్రాలిక్స్‌ని (ఆయిల్ ఒత్తిడితో నడిచే వ్యవస్థ) ఎర్ర ఎల్‌హెచ్‌ఎస్ ఆయిల్ నుంచి ఆకుపచ్చ ఎల్‌హెచ్‌ఎమ్ అనే మినరల్ ఆయిల్‌కి మార్చారు, మిగతాదంతా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది, 29,000 యూరోలు. వెళ్లి చూసొచ్చాను. ఇంజన్ స్టార్ట్ చేశాక నేలకి ఆనుకుని కూర్చున్న బండి మెల్లగా పైకి లేస్తుంటే, ఒక్క చువ్వతో ఉన్న ఆ స్టీరింగ్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. మనసు పడిపోయింది. ఆయిల్ మార్చిన బండి కొనొద్దని ఒకరు, అదే మంచిదని ఇంకొకరు చెప్తున్నారు. మీరేమంటారు?

పాతబండి:
ఆ ధరకి వద్దు. డీఎస్‌ని 1955 అక్టోబరులో పారిస్ సలోన్ కార్ల ప్రదర్శనలో చూపించినప్పుడు జనం ఎగబడింది ఫ్లమీనియో బెర్టోనీ గీసిన ఆకారం కోసం మాత్రమే కాదు, లోపల పాల్ మాజెస్ తయారుచేసిన హైడ్రాలిక్స్ కోసం కూడా. సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగ్, క్లచ్, గేర్లు అన్నీ ఒకే ఆయిల్ మీద నడుస్తాయి. ఆ ఆయిల్ 1966 దాకా ఎర్రదే. 1965 బండిలో ఆకుపచ్చది పోశారంటే బండి గుండెకాయే మార్చేశారని అర్థం. అది చేశాక కూడా ముట్టుకోని బండి ధర అడగడం అన్యాయం.

సుచరిత గ్రెనోబుల్:
పాతబండి గారూ, ఎర్ర ఆయిల్ గాలిలో తేమ లాక్కుంటుంది. బండి నాలుగు నెలలు షెడ్డులో ఉంటే పైపులు, సిలిండర్లు లోపల్నుంచి తుప్పు పడతాయి. పొరపాటున బాడీ మీద ఒలికితే పెయింట్ లేచొస్తుంది. ఈ బాధలు పడలేకే కదా సిట్రోయెన్ వాళ్లే మినరల్ ఆయిల్‌కి మారింది! తయారుచేసిన కంపెనీయే వదిలేసినదాన్ని మనం ఎందుకు పట్టుకుని వేలాడాలి? నా 1964 ఐడీ 19 (డీఎస్‌కే చవక రూపం) ఆకుపచ్చ ఆయిల్ మీదే వెర్కోర్ కొండలెక్కుతుంది, దిగుతుంది. లియోన్ వాసి గారూ, బండి నచ్చితే తీసుకోండి.

కొత్త సభ్యుడు:
ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ని కాపాడిన బండి ఇదేనా?

సుచరిత గ్రెనోబుల్:
ఆ మోడలే. 1962 ఆగస్టు 22న పారిస్ శివార్లలోని పెటీ క్లమార్ దగ్గర ఆయన ఉన్న డీఎస్ మీద కాల్పులు జరిపారు. టైర్లు పోయినా డ్రైవర్ బండి ఆపకుండా తప్పించాడు.

పాతబండి:
ప్రకటనలో నాలుగో ఫొటో పెద్దది చేసి చూడండి. ముందు ఎడమ చక్రం దగ్గరున్న స్పియర్ (స్ప్రింగులా పనిచేసే గ్యాస్, ఆయిల్ గుండు) నల్లగా ఉంది. ఆకుపచ్చ ఆయిల్ విడిభాగాలకి కంపెనీ ఆకుపచ్చ పెయింటే వేసేది, కలిసిపోకూడదని. నలుపు అంటే పాత ఎర్ర ఆయిల్ భాగం. మరి లోపలున్నది ఏ డయాఫ్రమ్ (గ్యాస్‌ని, ఆయిల్‌ని వేరుచేసే రబ్బరు పొర)?

సుచరిత గ్రెనోబుల్:
ఈ రోజుల్లో రీబిల్డ్ చేసిన స్పియర్లు ఏ రంగులో అయినా వస్తాయి. నా బండి కింద దూరితే మూడు రంగులు కనపడతాయి. పెయింట్ చూసి లోపల రబ్బరు ఏదో చెప్పలేం.

పాతబండి:
నల్ల స్పియర్ గురించి అడిగితే మీ బండి గురించి చెప్తారేంటి? ఆయన బండిలో స్పియర్ నల్లగా ఎందుకుంది?

సుచరిత గ్రెనోబుల్:
నేను చెప్పింది చదవండి ముందు.

స్లౌ మెకానిక్:
ఇద్దరూ కాస్త ఆగండి. నేనుండే ఇంగ్లండ్‌లోని ఈ స్లౌ ఊళ్లోనే 1966 దాకా కుడివైపు స్టీరింగ్ డీఎస్‌లు బిగించేవాళ్లు, వాటి మీద పనిచేసిన పెద్దవాళ్ల దగ్గర కొంత నేర్చుకున్నాను. మార్చడమంటే ఆయిల్ పారబోసి వేరేది పోయడం కాదు. పంపు, అక్యుమ్యులేటర్ (ఆయిల్ ఒత్తిడి నిలవచేసేది), హైట్ కరెక్టర్లు (బండి ఎత్తు సరిచేసేవి), స్టీరింగ్, గేర్లు మార్చే బ్లాకు, బ్రేక్ సిలిండర్లు, అన్నిట్లో రబ్బరు సీళ్లు వేరే రకానివి వేయాలి. ఒక్కచోట పాత సీల్ మిగిలినా ఉబ్బిపోతుంది. బిల్లులు అడగండి. పెయింట్ కన్నా బిల్లు ముఖ్యం. ఇంకోటి, వెనక మడ్‌గార్డ్ ఒక్క బోల్టుతో ఊడొస్తుంది, తీయించి లోపల తుప్పు చూడండి. బయట రేకులన్నీ బోల్టులతో బిగించినవే, అవి ఎంత మెరిసినా లెక్క కాదు, అడుగున ఉన్న ప్లాట్‌ఫాం పుచ్చిపోతే బండి లేదు.

హైదరాబాద్ కారు పిచ్చి:
పల్లాస్ అంటే ఏంటన్నా?

స్లౌ మెకానిక్:
ఖరీదైన ట్రిమ్. లోపల మెత్తటి సీట్లు, బయట క్రోమ్, స్టీల్ పట్టీలు ఎక్కువ.

పాతబండి:
మెకానిక్ గారు ఇప్పుడు చెప్పారే ఒక్క పాత సీల్ మిగిలినా అని, అదే నాకు జరిగింది. మార్సెయ్ దగ్గర ఒక డీలరు మొత్తం మార్చేశామని చెప్పి అమ్మాడు. సస్పెన్షన్ మాత్రమే మార్చాడు, బ్రేకుల జోలికి పోలేదు. కొండ దిగుతుంటే ఫ్లోర్ మీద ఉండే ఆ పుట్టగొడుగు బటన్ నొక్కాను, బ్రేకు పట్టుకుంది గానీ వదల్లేదు, ముందు చక్రాల దగ్గర పొగ. పక్క సీట్లో మా అమ్మ ఉంది. ఆ డీలరు తర్వాత ఫోన్ ఎత్తలేదు. అందుకే నాకు "మార్చబడింది" అని ఒక్క ముక్క రాసి వదిలేసిన ప్రకటన చూస్తే ఒళ్లు మండుతుంది.

సుచరిత గ్రెనోబుల్:
ఇది మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు కదండీ. మీ కోపం పని సగంలో వదిలేసిన వాడి మీద, మీరు తిట్టేది పని పూర్తిగా చేయించుకున్న మాలాంటి వాళ్లని. పోయినేడు ఒక మీట్‌కి వెళ్తే నా బానెట్ ఎత్తి ఆకుపచ్చ రిజర్వాయర్ చూసి ఇద్దరు పెద్దమనుషులు "ఓ, ఇది అలాంటిదా" అని పక్క బండి దగ్గరికి వెళ్లిపోయారు. వాళ్ల బండ్లు ట్రైలర్ మీద వచ్చాయి, నాది రోడ్డు మీద నడుచుకుంటూ వచ్చింది. ఆ రోజు ఎంత బాధపడ్డానో మీకు తెలీదు.

పాతబండి:
ట్రైలర్ మీద తెచ్చినా తప్పేముంది? సూటిగా చెప్తాను. డీఎస్‌లు పద్నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి, నడుపుకోవాలంటే 1967 తర్వాతి బండి, పుట్టుకతోనే ఆకుపచ్చ ఆయిల్‌ది, ఎక్కడైనా దొరుకుతుంది. ఎర్ర ఆయిల్ బండి మాత్రం ఒకటి మార్చినప్పుడల్లా ఒకటి తగ్గిపోతుంది. అన్నీ మార్చేసుకుంటూ పోతే 1955లో వాళ్లు చేసిన పని పనిచేస్తుండగా చూసే అవకాశం మన పిల్లలకి ఉండదు. నాకు కావాల్సింది అవి మిగలడం. మీరు నడపాలనుకుంటే నడపండి, కానీ దానికోసం ఎర్ర ఆయిల్ బండిని ఎందుకు మార్చాలి?

సుచరిత గ్రెనోబుల్:
మిగలాలంటే ఎవరో ఒకరు కొని, బాగుచేయించి, ఖర్చు పెట్టాలి. జీతం మీద బతికే నాలాంటిది, తిరగని బండికి ఏటా అంత డబ్బు పోయగలదా? నేను తీసుకోకపోతే నా ఐడీ ఈపాటికి పాత ఇనుముకి పోయేది. దాన్నీ లెక్కలో వేసుకోండి.

స్లౌ మెకానిక్:
మీ ఇద్దరిదీ నిజమైన తగాదా ఇప్పటికి బయటికొచ్చింది. ఇంతసేపూ స్పియర్ రంగు మీద కొట్టుకున్నారు.

కొత్త సభ్యుడు:
కంట్రోల్ టెక్నిక్ (ఫ్రాన్స్‌లో బండి ఫిట్‌నెస్ తనిఖీ) పాసైతే చాలదా?

స్లౌ మెకానిక్:
చాలదు. ఫ్రాన్స్‌లో కలెక్షన్ కార్డున్న (పాతకాలపు బండిగా రిజిస్టరైన) బండికి అది అయిదేళ్లకోసారి. ఆ రోజు బ్రేకు పడితే పాస్ చేస్తారు, లోపల ఏ సీల్ ఉందో వాళ్లు విప్పి చూడరు.

లియోన్ వాసి:
పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన ఏమీ దాచలేదు, బిల్లులన్నీ ఫొటో తీసి పంపారు. పంపు, స్టీరింగ్, గేర్ బ్లాకు, హైట్ కరెక్టర్లు, నాలుగు సస్పెన్షన్ స్పియర్లు అన్నిటికీ ఉన్నాయి. ఆ నల్ల స్పియర్ కూడా రీబిల్డ్ చేయించినదే, బిల్లు ఉంది. కానీ వెనక బ్రేక్ సిలిండర్లకి బిల్లు లేదు. అడిగితే, ఆ పని వేరే గరాజులో అయిందనుకుంటాను, ఆ కాగితం దొరకట్లేదు అన్నారు.

పాతబండి:
వెనక బ్రేకులు. చూశారా? అవి విప్పించేదాకా ఆ బండిని పార్కింగ్ దాటించొద్దు. ధర 22,000 దాటొద్దు.

సుచరిత గ్రెనోబుల్:
బ్రేకుల విషయంలో పాతబండి గారు చెప్పిందే చేయండి, ఇందులో రెండో మాట లేదు. ధర మాత్రం అంత తగ్గించక్కర్లేదు, దాదాపు అన్ని బిల్లులున్న ఆకుపచ్చ ఆయిల్ బండి అంత తేలిగ్గా దొరకదు. సిలిండర్ల పని ఖర్చు తీసేసి బేరమాడండి.

పాతబండి:
కొన్నాక మళ్లీ ఎర్ర ఆయిల్‌కి మార్చే ఉద్దేశం ఉంటే చెప్పండి, నా దగ్గర పాత పంపు, రెండు స్పియర్లు ఉన్నాయి. ఊరికే ఇస్తాను.

లియోన్ వాసి:
చాలా థ్యాంక్సండీ. కానీ మార్చను. మా అమ్మాయిని ఎక్కించుకుని ఆనెసీ దాకా వెళ్లాలని ఉంది, దాని కోసమే కొంటున్నాను. శనివారం సిలిండర్లు విప్పడానికి పెద్దాయన ఒప్పుకున్నారు, ఫొటోలు ఇక్కడ పెడతాను.