మెకానికల్ మోడ్‌లో 0.12 ఓమ్ కాయిల్ వేయొచ్చా?

లెస్టర్ నుంచి ప్రశ్న:
అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. సిగరెట్ మానేసి డిస్పోజబుల్ వేప్‌లకి, అంటే వాడి పారేసే ఈ-సిగరెట్లకి, వచ్చాను. 2025 జూన్ 1 నుంచి ఇక్కడ వాటి అమ్మకం నిషేధించారు కదా, అప్పటినుంచి కాయిల్ (లిక్విడ్‌ని వేడిచేసి ఆవిరి చేసే తీగ చుట్ట) మనమే చుట్టుకునే రకం మీద దృష్టి పడింది. రూమ్మేట్ వేరే ఊరికి మారుతూ తన మెకానికల్ మోడ్, అంటే బ్యాటరీ పట్టే, చిప్ లేని వేప్ బాడీ, నాకిచ్చి వెళ్లాడు. ఇత్తడి గొట్టం, లోపల ఒకే 18650 సైజు బ్యాటరీ, పైన రెండు కాయిళ్లు పట్టే ఆర్‌డీఏ (కాయిళ్లు బిగించి, లిక్విడ్ చుక్కలు వేసుకునే పై భాగం). నేను కొన్న రెగ్యులేటెడ్ (చిప్ ఉన్న) మోడ్ ఇంకోటి ఉంది, 80 వాట్లది, అది కూడా ఒక బ్యాటరీదే. వీడియోల్లో 0.12 ఓమ్ కాయిల్ వేసి గది నిండా ఆవిరి వదులుతున్నారు. నేనూ అలా చుట్టుకోవచ్చా? బ్యాటరీ శాంసంగ్ 25ఆర్. లోపల కొంచెం టెన్షన్‌గానే ఉంది, అందుకే చుట్టకముందే అడుగుతున్నా.

కోవెంట్రీ నుంచి జవాబు:
తమ్ముడూ, ఆ టెన్షన్ మంచిదే, ఉండనీ. 0.12 మాత్రం వద్దు. ఎందుకో లెక్క వేసి చూపిస్తా.

నిండా ఛార్జ్ అయిన బ్యాటరీలో 4.2 వోల్టులు ఉంటాయి. దాన్ని కాయిల్ ఓములతో భాగిస్తే బ్యాటరీ నుంచి ఎన్ని ఆంప్స్ లాగుతున్నావో వస్తుంది. 4.2ని 0.12తో భాగిస్తే 35 ఆంప్స్. నీ 25ఆర్ ఆగకుండా ఇవ్వగలిగేది 20 ఆంప్సే. ఇదే లెక్కన 0.5 ఓమ్‌కి 8.4 ఆంప్స్, 0.35కి 12, 0.3కి 14. 0.2 దగ్గరికి వచ్చేసరికే 21, అంటే అప్పటికే గీత దాటేశావు. కాయిల్ ఎంత తక్కువకి చుట్టొచ్చు అని అందరూ కాయిల్‌ని చూసి అడుగుతారు. ఆ హద్దు పెట్టేది బ్యాటరీ.

మనూళ్లలో పాత ఇళ్ల ఫ్యూజు కట్టలు గుర్తున్నాయా? ఊరికే ఫ్యూజు పోతోందని విసుగొచ్చి, సన్న తీగ తీసేసి లావు రాగి తీగ చుట్టేవాళ్లు. ఆ తర్వాత ఫ్యూజు పోదు, గోడలో వైరు కాలుతుంది. మెకానికల్ మోడ్ అంటే మొదటినుంచీ ఫ్యూజే లేని ఇల్లు. చిప్ లేదు, షార్ట్ అయితే ఆపేది లేదు, బ్యాటరీ అడుగంటితే చెప్పేది లేదు. బటన్ నొక్కితే బ్యాటరీకీ కాయిల్‌కీ మధ్య ఇత్తడి తప్ప ఇంకేమీ ఉండదు. చిప్ చేయాల్సిన పనంతా నీ లెక్కే చేయాలి. లెక్క తెలియకుండా దాన్ని వాడటం కొరివితో తల గోక్కోవడమే.

నా మాట వింటే మొదటి రెండు మూడు నెలలు రెగ్యులేటెడ్ మోడ్ మీదే చుట్టడం నేర్చుకో. మెక్ ఎక్కడికీ పోదు.

లెస్టర్:
థాంక్స్ అన్నా. కానీ గొట్టంలో, స్క్రూల దగ్గర కొంత వోల్టేజ్ పడిపోతుందట కదా, నిజంగా 35 ఆంప్స్ రావు అంటున్నారు?

కోవెంట్రీ:
పడిపోతుంది, నిజమే. ఆ పోయే కాస్తనీ లెక్కలోకి తీసుకుని ఇంకొంచెం కిందికి దిగుదాం అనుకోవడమే తప్పు. ఇవాళ మరలు తుడిచి బిగిస్తే ఆ డ్రాప్ తగ్గిపోతుంది. ఎప్పుడైనా 4.2తోనే లెక్క వేయి, వచ్చినదాని కన్నా బ్యాటరీ హద్దు బాగా పైన ఉండేలా చూసుకో. నేనైతే 20 ఆంప్స్ బ్యాటరీకి మెక్‌లో 0.3 కన్నా కిందికి దిగను. కొత్తవాళ్లకి 0.35 నుంచి 0.5 చెప్తాను.

డాలస్ నుంచి:
బ్యాటరీ సంగతి ఒకటి నేను కలుపుతా. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు మీద ఏముందో చూసి నమ్మకండి. 40 ఆంప్స్ అని అచ్చు వేస్తారు, అది చాలావరకు కొన్ని సెకన్ల పల్స్‌కి చెప్పే అంకె. మనకి కావలసింది ఆగకుండా ఇచ్చే కరెంటు. 18650 మీద 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే కళ్లు మూసుకుని పక్కన పెట్టేయొచ్చు, ఆ సైజులో అంత పట్టదు. ఎక్కువ కెపాసిటీ ఉన్న సెల్‌కి సాధారణంగా ఆంప్స్ తక్కువ ఉంటాయి. రెండూ గొప్పగా రాశాడంటే ఒకటి అబద్ధం. నేను కిచెన్ తూకం మీద పెట్టి చూస్తాను: అసలు 18650 సుమారు 45 గ్రాములు తూగుతుంది, 30కి తూగిందంటే అది వేరే సరుకు.

ఇంకోటి, ఈ సెల్స్ తయారుచేసే కంపెనీలే వాటిని ప్యాక్‌లో సర్క్యూట్‌తో కలిపి వాడమంటాయి, విడిగా చేతికి ఇవ్వొద్దంటాయి. మనం వాడుతున్నది కంపెనీ వద్దన్న పద్ధతిలో అని గుర్తుంటే చాలు, చేయి కాస్త జాగ్రత్తగా కదులుతుంది.

లెస్టర్:
సరే, మెక్ పక్కన పెట్టేశా. రెగ్యులేటెడ్‌లో అయితే 0.15 వేసినా చిప్ చూసుకుంటుందా?

కోవెంట్రీ:
ఇక్కడ లెక్క తిరగబడుతుంది. దీన్ని చాలా మంది సీనియర్లు కూడా తప్పు చెప్తారు, కాబట్టి మెల్లగా చదువు.

రెగ్యులేటెడ్ మోడ్‌లో బ్యాటరీ మీద పడే బరువుని కాయిల్ ఓములు నిర్ణయించవు, నువ్వు పెట్టిన వాట్లు నిర్ణయిస్తాయి. 0.15 వేసి 40 వాట్లు పెట్టినా, 0.6 వేసి 40 వాట్లు పెట్టినా బ్యాటరీకి ఇంచుమించు ఒకటే. మరి ఆంప్స్ ఎప్పుడు ఎక్కువ లాగుతుంది? బ్యాటరీ ఖాళీ అవుతున్నప్పుడు. పొలంలో లో వోల్టేజ్ వస్తే మోటారు మూలుగుతూ ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ కాల్చుకుంటుంది చూడు, ఇదీ ఆ బాపతే. వోల్టులు తగ్గేకొద్దీ అవే వాట్లు ఇవ్వడానికి చిప్ ఇంకా ఎక్కువ ఆంప్స్ లాగుతుంది.

చివర్లో బ్యాటరీ 3.2 వోల్టులకి దిగిందనుకో. చిప్‌లో పదో వంతు వృథా పోతుందనుకో. 60 వాట్లకి 60ని 2.88తో భాగించు, దాదాపు 21 ఆంప్స్. 80 వాట్లకి 28. అంటే డబ్బా మీద 80 అని ఉన్నా, 25ఆర్ ఒక్కటి పెట్టుకుని నువ్వు 55 దాటకూడదు. నిజం చెప్పాలంటే ఒక బ్యాటరీ మోడ్‌లో 45 వాట్లు చాలు. ఇంకా కావాలంటే రెండు బ్యాటరీల మోడ్ తీసుకో, బరువు సగం సగం పంచుకుంటాయి. ఆ రెండు బ్యాటరీలూ ఒకే రోజు కొన్నవి, ఒకే రకానివి, ఎప్పుడూ కలిపే వాడి కలిపే ఛార్జ్ చేసేవి కావాలి. జతని విడదీయొద్దు.

చిప్ షార్ట్‌ని, మరీ తక్కువ ఓమ్‌ని ఆపుతుంది. చిరిగిన తొడుగుని, నకిలీ సెల్‌ని కనిపెట్టలేదు.

హైదరాబాద్ నుంచి:
అన్నలూ, ఇక్కడ ఇవేవీ దొరకట్లేదు. సంక్రాంతికి ఎవరైనా వస్తే ఒక మోడ్ పట్టుకొస్తారా?

డాలస్:
వద్దు తమ్ముడూ. 2019 చట్టం ప్రకారం ఇండియాలో వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. దిగుమతికి మొదటిసారి అయితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్లు, ఐదు లక్షలు. ఇండియా వెళ్లేవాళ్లు మోడ్ ఇంట్లో వదిలేసి ఎక్కండి. వేరే దేశాలకి వెళ్తుంటే మోడ్, బ్యాటరీలు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే, బ్యాటరీ తీసి ప్లాస్టిక్ కేసులో.

ఖమ్మం నుంచి:
ఇంత లెక్కలు వేసే బదులు మానేయొచ్చుగా?

లెస్టర్:
అదే ఆలోచన అండీ, మెల్లగా నికోటిన్ తగ్గించుకుంటూ వస్తున్నా. అన్నట్టు అన్నా, డిస్పోజబుల్‌లో ఉండే 20 మిల్లీగ్రాముల (ఒక్కో మిల్లీలీటరుకి) నికోటిన్ సాల్ట్ లిక్విడ్ రెండు సీసాలు మిగిలాయి. అదే ఇందులో పోసుకోవచ్చా?

కోవెంట్రీ:
అమ్మో, పోయకు. మంచి ప్రశ్న అడిగావు, దీని గురించి ఎవరూ చెప్పరు. 20 అంటే ఇక్కడ చట్టం ఒప్పుకునే పై హద్దు. డిస్పోజబుల్ పది పన్నెండు వాట్లలో చిన్న గుక్క ఇస్తుంది కాబట్టి సరిపోయింది. కలిపి 0.35 ఓమ్ ఉండే రెండు కాయిళ్లు 50 వాట్లలో ఆవిరిచేసే లిక్విడ్ దానికి ఎన్నో రెట్లు. అదే 20 పోస్తే రెండు గుక్కలకే తల తిరిగి, వాంతి వచ్చి, సోఫాలో పడతావు. ఈ రకం కాయిల్‌కి 3 మిల్లీగ్రాములు. ఆ రెండు సీసాలు సన్నటి పాడ్ (తక్కువ వాట్ల చిన్న వేప్) వాడే వాళ్లెవరికైనా ఇచ్చేయి.

ఇప్పుడు చుట్టడం సంగతి. కాంథాల్ ఏ1 తీగ 24 గేజ్ తెచ్చుకో, అర మిల్లీమీటరు మందం ఉంటుంది. 3 మిల్లీమీటర్ల కడ్డీ మీద 8 చుట్లు చుడితే ఒక్కో కాయిల్ 0.7 ఓమ్ దరిదాపుల్లో వస్తుంది. రెండూ డెక్ (ఆర్‌డీఏలో స్క్రూలుండే పీట) మీద బిగిస్తే పక్కపక్కన ఉన్నట్టు లెక్క కాబట్టి సగం, 0.35. అదే 6 చుట్లయితే రెండూ కలిసి 0.27కి దిగుతుంది, అందుకే చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఫోన్ మాట్లాడకు. తీగ రకం మారితే లెక్క మారుతుంది: నైక్రోమ్ 80తో అదే 8 చుట్లు చుడితే ఓములు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయి. టెంపరేచర్ కంట్రోల్ కావాలంటే కాంథాల్ పనికిరాదు, ఎస్‌ఎస్ 316ఎల్ అనే స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ వాడాలి. నికెల్, టైటానియం తీగల్ని మాత్రం ఎప్పుడూ ఎర్రగా కాల్చకు.

బిగించేటప్పుడు ప్రతి స్క్రూ కింద తీగ కాలు (కాయిల్ నుంచి బయటికొచ్చే కొస) పూర్తిగా కూర్చోవాలి. వదులుగా ఉంటే ఓములు 0.35, 0.41, 0.33 అని గెంతుతాయి, అలా గెంతుతుంటే అసలు నొక్కకు, మళ్లీ బిగించు. మిగిలిన కాళ్లు కట్టర్‌తో స్క్రూకి ఆనించి కత్తిరించు. ఆ కత్తిరించిన ముక్క చిటుక్కున ఎగిరి డెక్ మధ్యలో పడుతుంది, వెతికి తీసేయాలి. నాకు జరిగింది అదే. చాలా ఏళ్ల కిందట, మెక్‌లో, కత్తిరించని కాలు ఒకటి మిల్లీమీటరు బయటికి ఉంది. పైన క్యాప్ తొడగ్గానే అది క్యాప్ లోపలి గోడకి తగిలింది. బటన్ నొక్కితే ఆవిరి రాలేదు, అరచేతిలో గొట్టం మాత్రం టీ గ్లాసులా వేడెక్కింది. పెరటి తలుపు తీసి గడ్డిలోకి విసిరేశా. పేలలేదు, నా అదృష్టం. అప్పటినుంచి క్యాప్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి ఓమ్ మీటర్ చూస్తాను, రెండు అంకెలూ ఒకటే ఉండాలి.

బిగించాక రెగ్యులేటెడ్ మోడ్ మీద 15 వాట్లు పెట్టి అర సెకను అర సెకను నొక్కు. రెండు కాయిళ్లూ నడిమధ్య నుంచి బయటికి ఎర్రబారాలి, ఒకేసారి. ఒక మూల ముందే మెరిస్తే, బటన్ వదిలి, సిరామిక్ పట్టకారుతో చుట్లని మెల్లగా మీటి మళ్లీ చూడు. స్టీలు పట్టకారుతో, బటన్ నొక్కి పట్టుకుని, ఎప్పుడూ తాకకు. కాటన్ మరీ కుక్కకు, లాగితే తీగ కదలకుండా కాటన్ మాత్రమే జరిగేంత బిగువు చాలు. ఎండిన కాటన్ మీద నొక్కకు, మాడిన వాసన రోజంతా గొంతులో ఉంటుంది.

డాలస్:
ఆ మెక్ మళ్లీ ఎప్పుడైనా తీస్తే ఒక్కటి చూడండి. పై మూత తీస్తే ఆర్‌డీఏ పిన్ నేరుగా బ్యాటరీ పాజిటివ్‌కి తగిలే రకమా? దాన్ని హైబ్రిడ్ అంటారు. ఆర్‌డీఏ కింద మధ్యలో ఉన్న పిన్ చుట్టూ మర కన్నా స్పష్టంగా పొడుచుకు ఉండాలి. సమానంగా ఉంటే మర వెళ్లి బ్యాటరీ పాజిటివ్‌ని తాకుతుంది, నేరుగా షార్ట్. గొట్టం అడుగున గాలి రంధ్రాలు ఉన్నాయో లేదో కూడా చూడండి, బ్యాటరీ చెడితే గ్యాస్ పోవడానికి దారి లేని గొట్టం బాంబు గొట్టమే.

బ్యాటరీ జేబులో వేసుకోవడం గురించి కూడా చెప్పాలి. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2017లో ఇచ్చిన నివేదికలో 2009 నుంచి 2016 దాకా ఈ-సిగరెట్లు పేలిన, మండిన 195 ఘటనలు లెక్కపెట్టారు. అందులో 61 జేబులో ఉన్నప్పుడు జరిగినవే. వాడుతున్నప్పుడు 60, ఛార్జింగ్‌లో 48. జేబులో తాళం చెవులు, చిల్లర ఉంటాయి, పాజిటివ్‌కీ పక్కనున్న అంచుకీ మధ్య ఆనుకుంటే చాలు, షార్ట్ అవుతుంది.

లెస్టర్:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. మొదటి జత చెత్తకుండీలోకి, రెండో జత కూడా అంతే. మూడోది 0.37 చూపించింది, క్యాప్ పెట్టాకా 0.37. రెగ్యులేటెడ్‌లో 42 వాట్లు, 3 మిల్లీగ్రాములు. వీడియోల్లో అంత ఆవిరి రావట్లేదు, నాకు చాలు.

ఒక సందేహం. రూమ్మేట్ ఇచ్చిన మెక్‌లో ఉన్న పాత బ్యాటరీ తీసి చూశా. పైన పాజిటివ్ పక్కన తొడుగు గోరంత చిరిగి, లోపల లోహం మెరుస్తోంది. టేప్ వేస్తే సరిపోతుందా?

కోవెంట్రీ:
సరిపోదు. ఆ మెరిసే లోహం నెగటివ్, పక్కనే పాజిటివ్. ఇత్తడి గొట్టంలో ఉండాల్సిన సెల్ కాదది. కొత్త సెల్ అయితే తొడుగు మార్చి వాడమనేవాణ్ని. ఇది ఎన్నేళ్లదో, ఎన్నిసార్లు కింద పడిందో నీకు తెలియదు. రెండు కొనలకీ టేప్ అంటించి, ఇంటి చెత్తలో కాకుండా సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గర బ్యాటరీల డబ్బా ఉంటుంది, అందులో వేసేయి. ఇవాళే.

లెస్టర్:
వేసేశా అన్నా. మెక్ అల్మారాలో పెట్టా, బ్యాటరీ లేకుండా.