స్లాలమ్ వాటర్ స్కీయింగ్: వెనక పాదానికి బూటా, పట్టీయా?

ప్రశ్న: పడవ లాగే తాడు పట్టుకుని, ఒకే స్కీ (పాదాలు బిగించుకునే పొడవాటి పలక) మీద నిలబడి, నీటిపై తేలే బోయ్‌ల (గుర్తు బంతుల) చుట్టూ మలుపులు తిరుగుతుంటాను. గంటకు 49 కిలోమీటర్ల వేగంతో, 18.25 మీటర్ల తాడుతో నాలుగో బోయ్ వరకు చేరుతున్నాను గానీ, ప్రతి మలుపు తర్వాతా తాడు వదులై, ఆపైన ఒక్కసారిగా నన్ను ముందుకు లాగేస్తోంది. ముందు పాదానికి రబ్బరు బూటు, వెనక పాదానికి వేళ్లు దూర్చే పట్టీ వాడుతున్నాను. రెండింటికీ బూట్లు బిగిస్తే ఈ ఇబ్బంది తీరుతుందా?

సమాధానం 1: తీరదండీ. నేనూ చాలాకాలం బూట్లనే నిందించాను. మలుపులో తొందరపడి తాడు చివరి హ్యాండిల్‌ను ఛాతీ వైపు లాక్కుంటే తాడు వదులవుతుంది. చేతులు చాచి ఉంచి, నడుమును హ్యాండిల్ దగ్గరికి తెచ్చి, స్కీ తన మలుపు పూర్తిచేసి తాడు బిగిసేదాకా ఆగి, ఆ తర్వాతే వెనక్కి వాలండి.

సమాధానం 2: పై మాట నిజమే, అయితే ముందు పాదం బూటును కూడా పరీక్షించండి. ఒడ్డున నిలబడి మోకాలు వంచినప్పుడు మడమ పైకి లేస్తే బూటు వదులుగా ఉన్నట్టే. అప్పుడు స్కీ మీ మాట ఆలస్యంగా వింటుంది. రెండు బూట్లకు మారదలిస్తే, పడినప్పుడు రెండు పాదాలూ కలిసే విడిపడేలా చూసుకోవాలి. ఒకటి ఊడి మరొకటి ఇరుక్కుంటే చీలమండకు ప్రమాదం.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే చూశాను, మడమ దాదాపు వేలెడు లేస్తోంది! పట్టీని అలాగే ఉంచి, ముందు పాదం బూటు మారుస్తాను.