అప్‌డేట్: జీను వేయగానే చెవులు వెనక్కి వాల్చే థెరపీ గుర్రం, కారణం దొరికింది

మాది థెరపీ గుర్రం, అంటే వైకల్యమున్న పిల్లలకు చికిత్సలో భాగంగా స్వారీ చేయించేది. పిల్లల్ని ఎక్కించే ముందు పొట్ట కింది జీను పట్టీ బిగిస్తుంటే అది చెవులు వాల్చి కొరకబోతోందని, ఎందుకని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ముందు వీపు చూపించమన్నవారి మాటే నిజమైంది. పశువైద్యుడు వేళ్లతో వీపు తడుముతూ భుజం వెనక, ఎడమవైపు నొక్కగానే గుర్రం నొప్పితో ఒక్కసారిగా కుంగిపోయింది. జీను ఇరుకైంది. పైగా నడుం నిలవని పిల్లలు అటే ఒరగడంతో బరువంతా అక్కడే పడుతోంది, పాపం.

మూడు వారాలు స్వారీ ఆపాం. ఆ రోజుల్లో పిల్లలు దాన్ని దువ్వారు, పక్కనే నడిపించారు. అదీ వాళ్లకు పాఠమే. ఇప్పుడు వెడల్పు జీను వేసి, ర్యాంపు మీంచి ఎక్కిస్తున్నాం. నిన్న పట్టీ బిగిస్తే తల కూడా తిప్పలేదు. నాకు కళ్లు చెమర్చాయి.

ఇక మిగతా అనుమానాల సంగతి: పళ్లలో లోపమేమీ లేదు. వీల్‌చెయిర్‌కు బెదురుతోందన్న నా అనుమానం తప్పు, మేత మార్చడమూ అనవసరమే.