"సర్ జాన్" అనాలా, "సర్ ఎల్టన్" అనాలా? ఇంతకీ ఆ బిరుదు గెలిచారా?

పోస్టు:
విదేశీ గాయకుల గురించి తెలుగులో రాసేటప్పుడు ఈ తరహా వాక్యం తరచూ కనబడుతోంది: "బ్రిటిష్ పాప్ గాయకుడు సర్ జాన్ ఐదు గ్రామీలు, రెండు ఆస్కార్లు, ఒక టోనీ, ఒక ఎమ్మీ, నైట్‌హుడ్ గెలుచుకున్నారు." ఎల్టన్ జాన్ గురించి అన్నమాట. నైట్‌హుడ్ అంటే బ్రిటిష్ రాజో రాణో ఇచ్చే సర్ బిరుదు. లెక్కలన్నీ సరైనవే. కానీ చదువుతుంటే రెండు చోట్ల పంటికింద రాయి తగిలింది. ఒకటి "సర్ జాన్", రెండోది చివర్లో ఉన్న "గెలుచుకున్నారు". మీరేమంటారు?

వ్యాఖ్య:
మొదటిది తేలికండీ. బ్రిటన్‌లో సర్ అనేది సొంత పేరుకే అతుకుతుంది, ఇంటిపేరుకి అతకదు. సర్ ఎల్టన్ జాన్ అనొచ్చు, పొట్టిగా సర్ ఎల్టన్ అనొచ్చు. సర్ జాన్ అంటే జాన్ అనే సొంత పేరున్న మరో మనిషి అయిపోతాడు. ఇంగ్లిషు వాళ్ల కాలంలో మనవాళ్లకీ ఈ పద్ధతి తెలుసు. తిరువాన్కూరు దివాను సి.పి. రామస్వామి అయ్యర్‌ని సర్ సి.పి. అన్నారు తప్ప సర్ అయ్యర్ అనలేదు. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1942లో సర్ సి.ఆర్. రెడ్డి అయ్యారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆయన పుస్తకాల్లో సర్ ఆర్థర్ కాటన్. గోదావరి జిల్లాల జనానికి ఈ గొడవే లేదు, కాటన్ దొర అనేశారు.

పోస్టు పెట్టినవారు:
బాగా చెప్పారు. ఎల్టన్ జాన్ దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. 1947లో పుట్టినప్పుడు ఆయన పేరు రెజినాల్డ్ కెన్నెత్ డ్వైట్. కుర్రతనంలో పనిచేసిన బ్యాండులో సాక్సోఫోన్ వాయించే ఎల్టన్ డీన్ నుంచి ఎల్టన్, గాయకుడు లాంగ్ జాన్ బాల్డ్రీ నుంచి జాన్ తీసుకున్నారు. 1972లో దాన్నే చట్టప్రకారం తన పేరు చేసుకున్నారు. అంటే వేరొకరి సొంత పేరు ఈయనకి ఇంటిపేరైంది. మనకేమో జాన్ అని వినబడగానే సొంత పేరే తడుతుంది. తప్పు అక్కడ మొదలవుతుందనుకుంటా.

వ్యాఖ్య:
అసలు సర్ రాయాలా, సార్ రాయాలా?

వ్యాఖ్య:
రెండూ ఒకే మాట నుంచి వచ్చాయి కానీ తెలుగులో పని పంచుకున్నాయి. సార్ పిలుపు. ఒంటరిగా వస్తుంది, లేదా పేరు వెనక వస్తుంది: లెక్కల సార్, శర్మ సార్. సర్ బిరుదు, పేరుకి ముందు నిలబడుతుంది. "సార్ ఎల్టన్" అని రాస్తే హాజరు పట్టీ పట్టుకుని క్లాసులోకి వస్తున్నట్టుంటుంది.

వ్యాఖ్య:
అది సరే. "గెలుచుకున్నారు"లో తప్పేమిటో అర్థం కాలేదు. అవార్డు, పురస్కారం, బిరుదు, సత్కారం... పేరేదైనా గొప్పతనానికి ఇచ్చేదే కదా. ఒక్క క్రియతో పోయేదానికి ఇంత టెన్షన్ ఎందుకు?

పోస్టు పెట్టినవారు:
మనం ఎప్పుడూ నామవాచకం దగ్గరే కొట్టుకుంటాం, పురస్కారమా సత్కారమా అని. నా ఉద్దేశంలో అసలు తేడా చూపించేది క్రియ.

గ్రామీ తీసుకోండి. నామినేషన్లుంటాయి, రికార్డింగ్ అకాడమీ సభ్యులు ఓట్లేస్తారు, ఒకరి పేరు చదివితే మిగతావాళ్లు కూర్చునే చప్పట్లు కొడతారు. ఓడేవాళ్లున్నారు కాబట్టి గెలుచుకున్నారు అనొచ్చు. ఆస్కార్ కూడా అంతే. 1995లో ద లయన్ కింగ్ పాటకి ఆయనకి మొదటి ఆస్కార్ వచ్చింది. ఆ ఏడు పోటీలో ఉన్న ఐదు పాటల్లో మూడు ఆ సినిమావే, మూడూ ఎల్టన్ జాన్, టిమ్ రైస్ కలిసి చేసినవే. తన పాట మీద తన పాటే గెలిచినా అది గెలుపే. 2000లో ఐడా అనే సంగీత నాటకానికి టోనీ. 2020లో రెండో ఆస్కార్, ఈసారి 1967 నుంచి తన బాణీలకి మాటలు రాస్తున్న బెర్నీ టాపిన్‌తో కలిసి.

ఎమ్మీ దగ్గర మాత్రం వాక్యం కొంచెం మార్చాలి. 2024 జనవరిలో వచ్చిన ఆ ఎమ్మీ పాటకి కాదు, లాస్ ఏంజెలెస్‌లోని డాడ్జర్ స్టేడియంలో ఇచ్చిన వీడ్కోలు కచేరీ ప్రత్యక్ష ప్రసారానికి. కాబట్టి "ఆయన కచేరీ కార్యక్రమానికి ఎమ్మీ వచ్చింది" అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. దాంతో నాలుగూ పూర్తయ్యాయి. ఎమ్మీ, గ్రామీ, ఆస్కార్, టోనీ మొదటి అక్షరాలు కలిపి వాళ్లు ఈగాట్ అంటారు. దీనికి తెలుగు మాట పుట్టించక్కర్లేదు, "నాలుగూ సాధించారు" చాలు.

ఇక నైట్‌హుడ్. 1998 నూతన సంవత్సర గౌరవాల జాబితాలో పేరు వచ్చింది. సంగీతానికీ, దాతృత్వానికీ అని కారణం రాశారు. ఎయిడ్స్ బాధితుల కోసం ఆయన 1992లోనే ఫౌండేషన్ పెట్టారు. ఫిబ్రవరి 24న బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఎలిజబెత్ రాణి ముందు మోకరిల్లితే, ఆమె కత్తిని భుజాలకి తాకించి బిరుదు ఇచ్చారు. ఇందులో నామినేషన్ల ప్రకటన లేదు, ప్రత్యర్థి లేడు. ఎవరి మీద గెలిచినట్టు? "సర్ బిరుదు ఇచ్చారు", "పొందారు", "లభించింది". వీటిలో ఏదైనా ఒప్పే.

ఇంకో మాట. నైట్‌హుడ్ అని రాసేకంటే "సర్ బిరుదు" అనడమే నాకిష్టం. మన పాతవాళ్లు అలాగే అన్నారు. తెలుగు లిపిలో నైట్ అని చూస్తే చదివేవాడికి ముందు నైట్ డ్యూటీ గుర్తొస్తుంది.

వ్యాఖ్య:
బిరుదు గెలవడం తెలుగులో లేదంటారా? శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టుని వాదంలో ఓడించి, ఆయన కంచుఢక్క పగలగొట్టించి మరీ కవిసార్వభౌమ బిరుదు గెలిచాడని చదువుకున్నాం!

పోస్టు పెట్టినవారు:
ఇది మంచి ఉదాహరణ, కానీ నా వైపే సాక్ష్యం చెబుతోంది. అక్కడ డిండిమభట్టు ఉన్నాడు, వాదం ఉంది, పగిలిన ఢక్క ఉంది. అందుకే గెలిచాడు అన్నారు. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఎవరి ఢక్కా పగల్లేదు.

వ్యాఖ్య:
"పురస్కారం వరించింది" సంగతేంటి? నాకైతే చిరాకు. పతకం దండ పట్టుకుని స్వయంవరానికి వచ్చినట్టు.

పోస్టు పెట్టినవారు:
రోజూ వాడి అరగదీశారు, నిజమే. ఒక్క సందర్భంలో మాత్రం ఒప్పుకుంటాను. 2022 సెప్టెంబరులో ఎల్టన్ జాన్ వైట్‌హౌస్ పచ్చికలో కచేరీ చేయడానికి వెళ్లారు. కచేరీ అయ్యాక, ముందు మాటమాత్రం చెప్పకుండా, బైడెన్ ఆయనకి నేషనల్ హ్యుమానిటీస్ మెడల్ ఇచ్చారు. ఆయన కళ్లు తుడుచుకున్నారు. పాడటానికి వెళ్లినవాడిని పతకం వెతుక్కుంటూ వచ్చింది కాబట్టి, పోనీ, వరించిందనుకుందాం.

అలాగే 1994లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్. దీనికి "ప్రవేశపెట్టారు" అని రాస్తే అసెంబ్లీలో బిల్లులా ఉంటుంది. "చేర్చారు" అనండి.

వ్యాఖ్య:
2020 జాబితాలో ఆయనకి కంపానియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు కదా. "గౌరవ సహచరుడు" అనొచ్చా?

పోస్టు పెట్టినవారు:
వద్దండీ. తెలుగులో పదవి ముందు గౌరవ చేరిస్తే జీతం, బాధ్యత లేని పేరుకి మాత్రమే పదవి అని అర్థం వస్తుంది. గౌరవ అధ్యక్షుడు, గౌరవ సంపాదకుడు చూడండి. ఇక్కడ సంగతి పూర్తిగా తిరగబడుతుంది. 1917లో పెట్టిన ఆ పురస్కారం ఉన్నవాళ్లు ఒకేసారి 65 మందికి మించకూడదు, అంత అరుదు. అయినా పేరు ముందు ఏమీ చేరదు, వెనక రెండు అక్షరాలు రాసుకుంటారు, అంతే. 2021 నవంబరులో విండ్సర్ కోటలో అప్పటి యువరాజు ఛార్లెస్ చేతుల మీదుగా అందుకున్నారు. కంపానియన్ ఆఫ్ ఆనర్ అనే ఉంచి, "గౌరవం దక్కింది" అని ముగించండి.

"గౌరవ" సరిగ్గా అతికే చోటు ఒకటుంది, గాయకుడు బాబ్ గెల్డాఫ్. ఆయన ఐరిష్ పౌరుడు కాబట్టి 1986లో ఇచ్చింది గౌరవ నైట్‌హుడ్. లెక్క ప్రకారం సర్ పెట్టుకోకూడదు. జనం వినరనుకోండి, సర్ బాబ్ అంటూనే ఉంటారు.

వ్యాఖ్య:
మన పద్మశ్రీ కథ దీనికి ఎదురు. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదుల్ని రద్దు చేసింది. పద్మ పురస్కారాలు బిరుదులు కావనీ, పేరుకి ముందూ వెనకా తగిలించకూడదనీ సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. అయినా సినిమా టైటిళ్లలో వేసుకుంటే హైకోర్టు దాకా వెళ్లిన కేసు మనకి తెలిసిందే. అంతెందుకు, ఫ్రెంచి ప్రభుత్వం ఇచ్చే షెవాలియే ఉంది, ఆ మాటకి ఫ్రెంచిలో అర్థం నైట్ అనే. ఫ్రాన్సులో దాన్ని పేరు ముందు పెట్టుకోరు. మనవాళ్లు మాత్రం షెవాలియర్ శివాజీ గణేశన్ అని పేరులో కలిపేశారు.

పోస్టు పెట్టినవారు:
మనకి బిరుదు పేరులో భాగమే కదండీ, ఆ అలవాటు కోర్టు తీర్పుతో పోదు. బ్రిటన్‌లో లార్డ్ లాంటివి పక్కన పెడితే, ఈ తరహా గౌరవాల్లో సర్, డేమ్ తప్ప మిగతావేవీ పేరు ముందుకి రావు. అందుకే సర్, డేమ్ బిరుదులు, కంపానియన్ ఆఫ్ ఆనర్ పురస్కారం అని నేను విడదీస్తాను.

వ్యాఖ్య:
తిప్పికొట్టడానికి కూడా రెండు క్రియలున్నాయి చూశారా? బీటిల్స్ నలుగురికీ 1965లో ఎంబీఈ ఇస్తే, జాన్ లెనన్ 1969లో ఆ పతకం రాణికి తిప్పి పంపారు. బయాఫ్రా, వియత్నాం యుద్ధాలకి నిరసన అని రాస్తూ, తన పాట చార్టుల్లో కిందికి జారుతున్నందుకు కూడా అని చివర్లో ఒక చురక తగిలించారు. టాగూర్ 1919లో జలియన్‌వాలాబాగ్ తర్వాత సర్ బిరుదు వదులుకున్నారు. పతకాన్ని తిప్పి పంపుతాం, బిరుదుని వదులుకుంటాం. గాయకుడు డేవిడ్ బౌయీ అయితే 2003లో సర్ బిరుదు అసలు వద్దనే అన్నారు.

పోస్టు పెట్టినవారు:
ఈ తేడా నాకు తట్టలేదు, భలే పట్టుకున్నారు.

వ్యాఖ్య:
ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. కార్డిఫ్‌లో పుట్టిన గాయని షర్లీ బాసీకి 2000 నూతన సంవత్సర జాబితాలో సర్‌కి సమానమైన డేమ్ బిరుదు ఇచ్చారు. తెలుగులో ఏమనాలి? దొరసాని అంటే?

పోస్టు పెట్టినవారు:
దొరసాని దొర భార్యకి వచ్చే మాట. సర్ బిరుదున్న ఆయన భార్యని లేడీ అంటారు చూడండి, దానికి సరిపోవచ్చు. డేమ్ ఆమెకి సొంతంగా వచ్చింది, మొగుడితో పనిలేదు. డేమ్ షర్లీ అనే రాయండి. ఇక్కడా సొంత పేరే, డేమ్ బాసీ కాదు. చివర గారు కూడా పెట్టాలా అని అడుగుతారేమో, అక్కర్లేదు. "డేమ్ షర్లీ పాడారు" అన్నప్పుడు ఆ "రు"లోనే మర్యాద ఉంది.