టర్కీ జానపదాల్లో ఉన్నది విరహమా, బెంగా?

బాటసారి:
టర్కీ జానపద గీతాల్లో పదే పదే వినిపించే మాట ‘గుర్బెత్’. ఊరు విడిచి పరాయిచోట బతకడం అని అర్థం. వాటిని ఊరి మీద బెంగతో పాడిన పాటలనడం నాకు నచ్చదు. పాడేవాడి మనసు ఊరి మీద కాదు, ఊళ్లో ఉన్న మనిషి మీద ఉంటుంది. మనకు హంస రాయబారం ఉన్నట్టే వారికి కొంగ రాయబారం ఉంది. ఆ కబురు వెళ్లేది ప్రియురాలికే. ఇది విరహం.

గోరింట:
బాటసారి గారూ, పెళ్లికి ముందు రాత్రి వధువుకు గోరింటాకు పెడుతూ అక్కడివారు పాడే పాట వినండి. ఎత్తైన కొండల మీద ఇల్లు కట్టవద్దు, దూరదేశానికి పిల్లనివ్వవద్దు అంటుంది. ఆ అమ్మాయి అమ్మను తలుచుకుంటుంది, నాన్నను తలుచుకుంటుంది, తన ఊరిని తలుచుకుంటుంది. ఇందులో ప్రియుడేడీ? ఆమె వెళ్తున్నదే వరుడి దగ్గరికి! ఇది బెంగ కాకపోతే మరేమిటి?

శ్రోత:
ఇద్దరూ ఊరు విడిచినవారి గురించే మాట్లాడుతున్నారు. ఒట్టోమన్ సైన్యంలో యెమెన్‌కు వెళ్లినవారి మీద ఒక పాట ఉంది. వెళ్లినవాడు తిరిగి రావడం లేదే, ఎందుకని అని అడుగుతుంది. అది ఇంటి దగ్గర మిగిలిపోయినవారి గొంతు. 1961 అక్టోబరు 30న పశ్చిమ జర్మనీకి టర్కీ కార్మికులను పంపే ఒప్పందం కుదిరాక ఎన్నో ఇళ్లలో మళ్లీ అదే ఎదురుచూపు. 17వ శతాబ్దపు కవిగా చెప్పే కరజావోలాన్ ఎడబాటు, పేదరికం, మరణం అనే మూడు బాధలను ఒకదాని నుంచి ఒకటి వేరుచేయలేనన్నాడు. మీరు రెండింటినే విడదీయాలని చూస్తున్నారు.

బాటసారి:
పెళ్లికూతురి పాట విషయంలో ఓడిపోయాను. యెమెన్ పాట మాత్రం నా పక్షమే. అది మనిషి కోసం ఏడ్చే పాట. నెషెత్ ఎర్తాష్‌ను (1938–2012) వినండి. కిర్షెహిర్ ప్రాంతపు గాయకుడు, ఏళ్ల తరబడి జర్మనీలో ఉన్నాడు. పాటల్లో తనను ‘గరిప్’ అని చెప్పుకునేవాడు. గుర్బెత్, గరిప్, ఉర్దూ మీదుగా మనకు వచ్చిన గరీబు, మూడింటిదీ ఒకే అరబీ ధాతువు. మన గరీబు పేదవాడు, వారి గరిప్ పరాయిచోట దిక్కులేనివాడు. తాళానికి కట్టుబడని ‘బోజ్లాక్’ అనే తీరు పాటను ఆయన పైస్థాయిలో అందుకుని మెల్లగా కిందికి దిగుతుంటే, తన మనసెరిగిన ఒక్క మనిషి కోసం వెతుకుతున్నట్టే వినిపిస్తుంది నాకు.

గోరింట:
ఆ ఒక్క మనిషి అమ్మ అయితే? అప్పుడూ విరహమనే అంటారా?