ఎన్‌వీడీఏ స్క్రిప్ట్: విండో మూసి తెరిస్తే గడుల పేర్లు పోతున్నాయి

నమస్కారం అండీ. నాకు చూపు లేదు. విండోస్ 11లో, స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ 2024.4తో షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. డెల్ఫీ అనే ప్రోగ్రామింగ్ సాధనంలో రాసిన పాత ప్రోగ్రాం అది. బిల్లు విండోలో ఆరు గడులున్నాయి, ట్యాబ్ కొడితే అన్నిటికీ "ఎడిట్ బ్లాంక్" అనే వినిపిస్తుంది. ట్యాబ్‌లు లెక్కపెట్టుకుంటూ నెట్టుకొచ్చాను గానీ, మొన్న రేటు గడిలో పరిమాణం కొట్టేశాను. తయారుచేసినవాళ్లకు రెండుసార్లు మెయిల్ పెట్టినా జవాబు లేదు.

దాంతో నేనే పైథాన్‌లో చిన్న యాప్ మాడ్యూల్ (ఒక ప్రోగ్రాంలో ఎన్‌వీడీఏ ఏం చదవాలో చెప్పే స్క్రిప్ట్) రాశాను. ఎన్‌వీడీఏ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో స్క్రాచ్‌ప్యాడ్ (సొంత కోడ్ పెట్టుకునే ఫోల్డర్) ఆన్ చేసి, యాప్‌మాడ్యూల్స్ ఫోల్డర్‌లో ప్రోగ్రాం పేరుతోనే ఫైలు పెట్టాను. ఎన్‌వీడీఏ+ఎఫ్1తో ఒక్కో గడి విండో కంట్రోల్ ఐడీ (గడిని గుర్తించే సంఖ్య) తీసుకుని, ఆ ఐడీ వస్తే ఫలానా పేరు చదవమని రాశాను. మొదటి బిల్లుకు చక్కగా "పరిమాణం", "రేటు" అని చదివింది, ఆ సంతోషం ఐదు నిమిషాలే! విండో మూసి మళ్లీ తెరిస్తే ఐడీలన్నీ మారిపోయాయి. కంట్రోల్+ఎన్‌వీడీఏ+ఎఫ్3తో ప్లగిన్‌లు రీలోడ్ చేసినా అంతే, లాగ్‌లో ఎర్రర్ కూడా లేదు.

క్లాస్ నేమ్ (గడి రకం పేరు) ఆరింటికీ టీఎడిట్ అనే ఉంది. స్క్రీన్ మీద స్థానాన్ని బట్టి పోల్చితే విండో మాగ్జిమైజ్ చేయగానే పేర్లు తారుమారవుతున్నాయి. పక్కనున్న లేబుళ్లు ఆబ్జెక్ట్ నావిగేషన్‌లో (విండోలోని భాగాలను ఒక్కొక్కటిగా చూసే పద్ధతి) అసలు దొరకడం లేదు, ఎన్‌వీడీఏ+ఆర్‌తో ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు గుర్తించడం) చేస్తేనే వినిపిస్తున్నాయి.

ఇలాంటి డెల్ఫీ విండోలో, ప్రతిసారీ మారకుండా ఉండే ఏ గుర్తును పట్టుకుని మాడ్యూల్‌లో గడులకు పేర్లు పెట్టాలి?